రాయి నిలిచిన చోటు



మన పల్లెల్లో చెరువు కట్ట మీదనో, పొలం గట్టు పక్కనో, ఊరి మొదట చింతచెట్టు కిందనో ఒక్కొక్కచోట ఒక చెక్కుడు రాయి నిలబడి ఉంటుంది. దానిమీద కత్తి పట్టిన మనిషి బొమ్మ, చుట్టూ అరిగిపోయిన అక్షరాలు. మేకలు కాసే పిల్లలు దానికి ఆనుకొని కూర్చుంటారు. గొడ్లు దానికి వీపు రుద్దుకుంటాయి. అది ఏమిటని అడిగితే "ఏదో పాత రాయి" అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ఆ పాత రాళ్ళను గురించీ, మన కూడళ్ళలో లేస్తున్న కొత్త విగ్రహాలను గురించీ, వాటికీ అవి నిలిచిన చోటుకూ ఉన్న సంబంధాన్ని గురించీ ఈ నెల నాలుగు మాటలు చెప్పుకుందాము. ఇంటి గోడకు తగిలించిన పటాన్ని ఏ ఇంటికి తీసుకుపోయినా అది ఆ పటమే. ఆరుబయట నిలిపిన శిల్పం అట్లా కాదు. దానిలో సగం పని ఉలి చేస్తుంది. తక్కిన సగం నేల, వెలుతురు, నీరు, దారి, ఆ దారిన నడిచే మనుషులు చేస్తారు. కాబట్టి చోటును పాడుచేస్తే, రాయికి చిన్న దెబ్బ తగలకపోయినా శిల్పం పాడైనట్టే. మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతే.

విగ్రహాల మాట సంఘ పత్రికలో దేనికని కొందరు పెద్దలు అడగవచ్చు. మేము మాట్లాడేది మొక్కే విషయం కాదు, జ్ఞాపకం ఉంచుకునే విషయం. యెహోషువ గ్రంథం నాలుగవ అధ్యాయం మన బిడ్డలకు సండే స్కూలులోనే తెలుసు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన తరువాత నది నడుమ నుండి పన్నెండు రాళ్ళు ఎత్తి తెచ్చి గిల్గాలులో నిలిపారు. వాటిమీద ఏదో చెక్కినట్టు అక్కడ వ్రాయబడలేదు. నది అడుగున ఉండవలసిన రాళ్ళు ఒడ్డు మీద నిలబడి ఉండడమే వాటి సాక్ష్యం. వాటిని చూచి పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి. ఏ నది రాళ్ళో, ఏ ఒడ్డున నిలిచాయో తెలియకపోతే అవి వట్టి రాళ్ళే. మన పల్లెలోని పాత రాయి సంగతి కూడా అంతే.

వీరగల్లులు

పాత చిత్తూరు జిల్లా పడమటి భాగం, అంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలు, ఇటువంటి రాళ్ళకు పేరుపడిన సీమ. చరిత్రకారులు వీటిని వీరగల్లులు అంటారు. కల్లు అంటే కన్నడంలో రాయి. పొరుగున ఉన్న తమిళులు వీటినే నడుకల్ అంటారు, అంటే నాటిన రాయి. ఈ మాటలోనే ఒక సంగతి ఉంది. మొక్కను నాటినట్టు దీనిని ఒక చోట నాటారు. అది ఎక్కడికైనా మోసుకుపోవడానికి చేసిన బొమ్మ కాదు.

క్రీస్తు శకం 8వ శతాబ్దం నుండి 10వ శతాబ్దం దాకా ఈ సీమ బాణులు, వైదుంబులు, నొళంబులు, గంగులు, చోళులు అనే రాజవంశాల నడుమ సరిహద్దుగా నలిగింది. మదనపల్లె దగ్గరి చిప్పిలిలో వైదుంబుల కాలపు శాసనాలు దొరికాయి. సోరెమడి అనే చోట జరిగిన యుద్ధంలో పడిపోయిన వారి పేర్లు ఈ చుట్టుపక్కల అనేక రాళ్ళ మీద కనిపిస్తాయి. కొన్ని రాళ్ళ మీద పాత తెలుగు, కొన్నిటి మీద పాత కన్నడం. మూడు భాషలు కలిసే చోట నిలిచిన రాళ్ళు గనుక మూడు వైపుల గాలీ వాటికి తగిలింది.

అయితే ఇవన్నీ రాజుల యుద్ధాల రాళ్ళే అనుకోవద్దు. ఆ కాలంలో ఒక ఊరి మీద పడడం అంటే ముందుగా ఆ ఊరి పశువుల మందను తోలుకుపోవడమే. ఆవులను విడిపించడానికి అడ్డం పోయి చచ్చిన ఊరి మనిషికి రాయి వేశారు. పులితో పెనుగులాడి చచ్చినవానికి రాయి వేశారు. ఊరు తగలబడుతుంటే నిలిచి పోరాడినవానికి రాయి వేశారు. కొన్ని రాళ్ళ మీద వీరుని కాళ్ళ దగ్గర ఆవులు వరుసగా చెక్కబడి ఉంటాయి. కొన్నిటిలో పై అరలో దేవకన్యలు అతనిని తీసుకుపోతున్నట్టు చెక్కారు. అది ఆ కాలపు వారి నమ్మకం. మోచేయి దగ్గర పైకి మడిచి, గాజులు వేసుకొన్న చెయ్యి ఒక్కటే కనబడితే అది సహగమనం చేసిన స్త్రీ జ్ఞాపకపు రాయి. ఆ చెయ్యి ముందు నిలబడితే మనస్సు బరువెక్కుతుంది. ఆ చెడ్డ ఆచారం పోయింది, దానికి మనం సంతోషించాలి. అయినా ఆ తల్లి ఉండేదన్న సాక్ష్యం మాత్రం పోకూడదు.

ఇప్పుడు చోటు సంగతి చూద్దాము. వీరగల్లును పనివాడు ఆ దగ్గరి గుట్టలోని గ్రానైటు పలకతోనే చేశాడు. మన సీమలో రాతికి కొదువ లేదు. ముందు పక్క మాత్రమే చెక్కి, వెనుక పక్క గుట్టలో ఉన్నప్పటి గరుకుతోనే వదిలేసిన రాళ్ళు ఎన్నో. అడుగు భాగం భూమిలో దిగవలసినది గనుక అక్కడ ఉలి పెట్టలేదు. అంటే ఆ రాయికి ముఖం మనిషిది, వీపు కొండది, కాళ్ళు నేలవి. వెనుక ఉన్న గుట్టను చూచి ఆ రాయిని చూస్తే రెండూ ఒక్క రంగు. ఎండలో, వానలో రెండూ కలిసే నల్లబడ్డాయి.

పుంగనూరు వైపు ఒక పల్లెలో మేము ఇట్టి రాయిని చూస్తూ నిలబడగా, ఆ పొలం పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "ఈ రాయి ఎవరిది పెద్దాయనా?" అని అడిగాము.

"ఎవురిదో మాకేం తెలుసు అయ్యగారూ! మా తాత కాలం నించీ ఆడనే ఉండాది. దాని కాడ మడక తిప్పుకోవాల, దానికి తగలనీయొద్దురా అని మా నాయన చెప్పినాడు. మేమూ అట్లే తిప్పుకుంటా ఉండాము" అన్నాడు.

వీరుని పేరు ఆయనకు తెలియదు. అక్షరాలు ఆయన చదవలేడు. అయినా తరతరాలుగా ఆ మడక తిరిగిన మలుపే ఆ రాయిని కాపాడింది. పొలం ఆకారాన్ని రాయి దిద్దింది, రాయిని పొలం కాపాడింది. శిల్పానికీ పరిసరాలకూ సంబంధం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్న మంచి పాఠం మాకు కనిపించలేదు.

వెలుతురు చేసే పని

వీరగల్లును నడిమధ్యాహ్నం చూస్తే చాలమందికి ఏమీ కనిపించదు. చెక్కడం లోతు తక్కువ. పై నుండి పడే ఎండలో బొమ్మ రాతిలో కలిసిపోతుంది. అదే రాయిని పొద్దు పొడిచే వేళనో, పొద్దు గూకే వేళనో చూడండి. ఎండ పక్కనుండి వచ్చి ప్రతి గీతకూ నీడ కడుతుంది. కత్తి అంచు తేలుతుంది, జుట్టుముడి తేలుతుంది, అక్షరాలు తేలుతాయి. శాసనాలు చదివేవారు ఫోటో తీయడానికి ఆ వేళ కోసమే కాచుకుంటారు. రాయి పక్కన ఎత్తయిన గోడ లేపినా, పైన రేకుల పందిరి వేసినా ఆ ఏటవాలు వెలుతురు ఆగిపోతుంది. కాపాడాలనే ఉద్దేశంతోనే వేసిన పందిరి చాటున ఎన్నో రాళ్ళు ఇట్లా గుడ్డివైపోయాయి.

దిక్కు కూడ ముఖ్యమే. లేపాక్షి నందిని మనలో చాలమంది చూచి ఉంటారు. ఇప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అక్కడి పెద్ద గుండునే నిలిచినచోట నందిగా మలిచారు. సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. గుడిలో కాకుండ, గుడికి సుమారు 200 మీటర్ల దూరాన ఆరుబయట ఉంది. అయినా దాని చూపు గుడి ఆవరణలో ఉన్న నాగలింగం వైపే. ఆ నాగలింగాన్ని కూడ అక్కడి గుండులోనే చెక్కారు. అంటే ఆ రెండు శిల్పాలకూ నడుమ ఉన్న ఖాళీ జాగా కూడ ఆ పనిలో భాగమే. ఆ నంది మెడ ఎత్తి ఎటు చూస్తున్నదో తెలియకపోతే సగం అందం పోయినట్టే. పెద్ద బండను మోయకుండ, బండ దగ్గరికే పనివాడు నడిచిపోయాడు. చోటును గౌరవించడమంటే ఇదే.

ఎవరూ చెక్కని శిల్పం

మన తిరుపతి దగ్గర మనిషి ఉలి తగలని శిల్పం కూడ ఒకటి ఉంది. తిరుమల కొండ మీద చక్రతీర్థం దగ్గరి శిలాతోరణం. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న రాతి కమాను అది. గాలి, వాన, ఎండ కలిసి మెత్తని భాగాలను తినివేయగా గట్టి భాగం తోరణంగా మిగిలింది. అది క్వార్ట్జైటు అనే గట్టి రాయి, ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న ఇసుకే గట్టిపడి ఆ రాయి అయింది. దాని కింద, కొండ అడుగున, మన చిత్తూరు సీమ అంతటా పరుచుకొని ఉన్న గ్రానైటు ఉంది. ఘాట్ రోడ్డు పక్కన ఈ రెండు రాళ్ళూ కలిసే గీతను భూగర్భ శాస్త్రజ్ఞులు చూపిస్తారు. ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ళ వయస్సుల నడుమ తేడా కోట్లాది సంవత్సరాలు. శిలాతోరణాన్నీ ఆ గీతనూ భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది.

ఈ తోరణాన్ని పెరికి ఒక పట్టణపు పార్కులో పెట్టాలని ఎవరైనా అనుకుంటారా? అనుకోరు. అది కొండలో భాగమని చూడగానే తెలుస్తుంది. మనుషులు చేసిన మంచి శిల్పాన్ని కూడ ఆ కంటితోనే చూడాలి.

మట్టిలోనుండి మట్టిలోకి

నిలిచే శిల్పాలే కాదు, నిలవని శిల్పాలు కూడ మన జిల్లాలో ఉన్నాయి. ధర్మరాజు, ద్రౌపది గుళ్ళు ఉన్న ఊళ్ళలో ఎండాకాలంలో భారతం తిరునాళ్ళు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి నాటకం. చివరి దినాన ఊరి బయట మైదానంలో మట్టితో దుర్యోధనుని బొమ్మ చేస్తారు. వెల్లకిలా పడుకొన్న ఆ బొమ్మ ఎంత పెద్దదంటే భీముడు, దుర్యోధనుడు వేషాలు వేసినవారు దాని మీదనే పరుగెత్తుతూ ఆడతారు. తొడ మీద గద దెబ్బ పడగానే ఆట ముగుస్తుంది. జనం ఆ మట్టిని పిడికెడు ఇంటికి తీసుకుపోతారు. మిగిలినది వానకు కరిగి నేలలో కలిసిపోతుంది.

ఆ కథ, ఆ ఆచారం మన సంఘాలవి కావు. అయినా ఆ పని తీరును గమనించండి. బొమ్మకు పీఠం లేదు, నేలే పీఠం. మట్టి బయటినుండి కొనితెచ్చినది కాదు. చుట్టూ గట్ల మీద కూర్చున్న జనమే దానికి గోడలు. పని అయిన తరువాత చోటుకు ఏ భారమూ మిగలదు. సిమెంటు బొమ్మను రోడ్డు నడుమ నిలిపి, రంగు పోయి, ఇనుప చువ్వ బయటపడి, ఎవరూ పట్టించుకోక వదిలివేసిన చోట్లతో దీనిని పోల్చి చూడండి.

చోటు మారవలసి వస్తే

ఒక్కొక్కప్పుడు కదల్చక తప్పదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో పునాది వేసినప్పుడు నాగార్జునకొండ లోయ మునుగుతుందని తెలిసిపోయింది. 1954 నుండి 1960 దాకా పురావస్తు శాఖవారు ఆ లోయ అంతా తవ్వి, శిల్పాలను, కట్టడాల రాళ్ళను పైకి తెచ్చారు. కొన్నిటిని ఇప్పుడు దీవిగా మిగిలిన కొండ మీదికి చేర్చారు, కొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. ఆ లోయలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయాస్తంభాలు దొరికాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన స్తంభాలవి. మన వీరగల్లులకు అవి తాతలవంటివి. అవి నీట మునగలేదు గనుక మేలు జరిగింది. కాని వాటి చుట్టూ ఉన్న లోయ మాత్రం నీటి అడుగునే ఉంది.

ఐగుప్తులో కూడ ఇట్లే జరిగింది. నైలు నదిమీద అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు, రెండవ రామెసేసు రాజు కొండలో తొలిపించిన అబూ సింబెల్ విగ్రహాలు మునిగే ప్రమాదం వచ్చింది. 1964 నుండి 1968 దాకా అనేక దేశాలవారు కలిసి ఆ కొండ ముఖాన్ని రంపాలతో ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనుకకు జరిపి మళ్ళీ కూర్చారు. ఆ గుడి లోపలికి సంవత్సరానికి రెండుసార్లు ఉదయపు ఎండ చివరి గది దాకా పోతుంది. కొత్త చోట కూడ ఎండ అట్లే పోయేటట్టు దిక్కు చూచి నిలిపారు, వెనుక కొండవంటి దిబ్బను కూడ కట్టారు. రాయిని మోసినవారు దాని దిక్కును కూడ మోశారు. కదల్చక తప్పనప్పుడు ఎట్లా కదల్చాలో ఇది ఒక మాదిరి.

ఇంకొక పక్కా ఉంది. చోటు అంటే నేలా ఎండా మాత్రమే కాదు, అక్కడి మనుషులు కూడ. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో 1981లో రిచర్డ్ సెర్రా అనే శిల్పి ఒక ప్రభుత్వ కార్యాలయాల ముంగిట 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తుతో వంపు తిరిగిన ఉక్కు గోడను నిలిపాడు. అక్కడ పనిచేసేవారు దానిని చుట్టి పోవలసి వచ్చేది. తీసివేయమని అడిగారు. అది ఆ చోటు కోసమే చేసినది, కదిలిస్తే నాశనం చేసినట్టేనని శిల్పి వాదించాడు. ఎంతో వివాదం తరువాత 1989లో దానిని తీసివేశారు. శిల్పి చెప్పిన మాటలో నిజం ఉంది. రోజూ నడిచేవారి మాటలోనూ నిజం ఉంది. ముందే కూర్చుని మాట్లాడుకొని ఉంటే రెండు పక్షాలకూ ఆ కష్టం ఉండేది కాదేమో. మన ఊళ్ళలో విగ్రహాల తగాదాలు వచ్చినప్పుడెల్లా ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

మన కాలపు విగ్రహాలు

మన రాష్ట్రాల్లో పెద్ద విగ్రహాల మాట వస్తే హైదరాబాదు హుస్సేన్‌సాగర్ బుద్ధుడు మొదట గుర్తుకు వస్తాడు. అప్పటి నల్లగొండ జిల్లా రాయగిరి దగ్గరి ఒకే తెల్ల గ్రానైటు బండతో గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కిన విగ్రహం. ఎత్తు సుమారు 58 అడుగులు. 1990 మార్చి 10న దానిని బల్లకట్టు మీద చెరువు నడుమకు తీసుకుపోతుండగా ఒరిగి నీటిలో పడింది. పనివారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండున్నర సంవత్సరాలకు పైగా చెరువు అడుగున పడి ఉన్న విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలిపారు. చుట్టూ నీరు ఉంది గనుక దానికి దగ్గరగా ఏ భవనమూ లేవదు, ఏ తీగలూ అడ్డం రావు. ఆ నీరే దాని ప్రశాంతత. ఆ నీరే ఆ పనివారిని మింగింది కూడ. విగ్రహాన్ని చూచినప్పుడు ఈ రెండవ సంగతిని మరువరాదు.

మన పేటలకు వద్దాము. అనేక పల్లెల్లో పేట మొదట డాక్టర్ అంబేద్కర్ విగ్రహం నిలిచి ఉంటుంది. నీలి కోటు, చంకలో రాజ్యాంగ గ్రంథం, చాపిన చూపుడువేలు. కళలో ఆరితేరినవారు అది సిమెంటు బొమ్మేనని తేలికగా అనవచ్చు. మేము అట్లా అనము. ఊరి నడుమకు రాకూడదని, ఊరి బావి దగ్గరికి పోకూడదని చెప్పబడిన జనం, తమ దారి మొదట, వచ్చిపోయే బస్సు నుండి ప్రతివాడూ చూచే చోట దానిని నిలుపుకొన్నారు. దాని విలువ సగం ఆ చోటులోనే ఉంది. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 81 అడుగుల పీఠం మీద ఆవిష్కరించారు. అది గొప్పదే. అయినా పేట మొదటి నిలువెత్తు బొమ్మ చేసే పని దానికి వేరు. పేట బొమ్మ కింద సాయంకాలం పిల్లలు చదువుకుంటారు, పెద్దలు పంచాయితీ మాట్లాడుకుంటారు.

అయితే రోడ్డు మలుపులో, పాదచారులు నడిచే చోట, వాహనాలకు చూపు అందని చోట ఏ విగ్రహాన్ని పెట్టినా ప్రమాదమే. ప్రభుత్వ రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజల వాడకపు చోట్ల కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీం కోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. గనుక నిలపాలనుకొన్నవారు ముందుగా జాగా ఎవరిదో చూచుకోవాలి. తగాదా జాగాలో నిలిచిన మహనీయుని విగ్రహం ఇనుప జాలీలో బందీగా మిగులుతుంది. గౌరవించాలని నిలిపి, జైలులో పెట్టినట్టు అవుతుంది.

పాత రాళ్ళకు వచ్చిన ముప్పు

వీరగల్లులకు ఇప్పుడు వచ్చిన ముప్పు వానా ఎండా కాదు. వెయ్యేండ్లు అవి వాటికి తట్టుకున్నాయి. మొదటి ముప్పు గుప్తనిధుల పిచ్చి. చెక్కుడు రాయి కింద బంగారం ఉంటుందని చెప్పి రాత్రివేళ రాళ్ళను పెరికేవారు మన రాయలసీమలో తక్కువేమీ కాదు. వీరగల్లు ఒక మనిషి త్యాగానికి గుర్తు, ఖజానాకు గుర్తు కాదు. దాని కింద ఉన్నది మన్నే.

రెండవ ముప్పు యంత్రం. మడకతో దున్నేవాడు రాయి దగ్గర తిప్పుకున్నాడు. జేసీబీ తిప్పుకోదు. చేను చదును చేసేటప్పుడు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, చెరువు కట్ట బాగుచేసేటప్పుడు ఒక్క గడియలో రాయి పక్కకు పడుతుంది. తరువాత అది కాలువ మీద పలకగానో, బట్టలు ఉతికే బండగానో మారుతుంది.

మూడవది మన ప్రేమే. ఆయిలు పెయింటు పూస్తే చెక్కిన గీతలు పూడిపోతాయి, అక్షరాలు చదవరావు. ఇనుప బ్రష్షుతో, ఆసిడ్‌తో తోమితే మిగిలిన గీతలు కూడ పోతాయి. చుట్టూ సిమెంటు దిమ్మె కడితే కింది వరుస అక్షరాలు అందులో పూడిపోతాయి.

ఈ విషయంలో చట్టం కూడ ఉంది. 1972 నాటి కేంద్ర చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన శిల్పం పురావస్తువు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. దున్నేటప్పుడు బొమ్మ రాయి బయటపడితే భయపడి పూడ్చవద్దు, అమ్మవద్దు. గ్రామ రెవెన్యూ అధికారికో తహశీల్దారుకో కాగితం మీద వ్రాసి ఇవ్వండి. తీసిన చోటును, అది ఎటు ముఖం పెట్టి ఉన్నదో, పక్కన ఏమి ఉన్నదో గుర్తు పెట్టుకోండి. పండితులకు రాయి ఎంత ముఖ్యమో ఈ వివరం అంత ముఖ్యం. చంద్రగిరి రాజమహలులోని మ్యూజియంలో మన సీమ శిల్పాలు భద్రంగా ఉన్నాయి. దొంగల చేతిలో పడడం కన్న అది ఎంతో మేలు. అయినా ఏ గట్టున నిలిచిందో వ్రాయని రాయి మ్యూజియంలో పేరు తెలియని అనాథ వంటిది.

మన ఆవరణల మాట

సంఘాలలో కూడ జ్ఞాపకార్థపు రాళ్ళు నిలుపుతుంటాము. గుడి శంకుస్థాపన పలక, సమాధుల తోటలో సిలువ, ఊరికి మొదట బడి పెట్టినవారి స్మారకం. ఇట్టి పని తలపెట్టిన పెద్దలకు మేము కొన్ని సలహాలు ఇస్తున్నాము.

మొదటిది, రాయి మన దగ్గరి రాయి కావాలి. చిత్తూరు సీమ గ్రానైటు కన్న మన్నికైనది ఎక్కడినుండో తేనవసరం లేదు. తిరుపతిలో 1960లో మొదలైన దేవస్థానంవారి సంప్రదాయ శిల్ప విద్యాలయం వంటి చోట్ల నేర్చినవారు మన జిల్లాలో ఉన్నారు, వంశపారంపర్యంగా చెక్కేవారూ ఉన్నారు. వారితో మాట్లాడండి.

రెండవది, నిలిపే ముందు ఆ చోటికి ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి పోయి చూడండి. ఎండ ఎటు పడుతుంది, వాన నీరు ఎటు పారుతుంది, నడిచేవారికి అడ్డమా, దూరం నుండి వచ్చేవానికి కనిపిస్తుందా, వెనుక కరెంటు స్తంభం ఉందా చెట్టు ఉందా, ఇవన్నీ చూడండి. కొలతకు మించిన ఎత్తు వద్దు. గుడి కన్న స్మారకం పెద్దదైతే చూచేవారికి గుడి కనిపించదు.

మూడవది, చెట్టును కొట్టి రాయిని నిలపవద్దు. చెట్టు నీడలో నిలిచిన చిన్న రాయి దగ్గర మనుషులు ఆగుతారు. ఎండలో నిలిచిన పెద్ద రాయి దగ్గర ఆగరు.

నాలుగవది, దాత పేరు కన్న ఎవరి జ్ఞాపకార్థమో వారి పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. లోతుగా చెక్కించండి. రంగుతో వ్రాసినది పదేండ్లు ఉండదు.

చివరగా ఒక మనవి. ఈ నెలలో ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత, పొద్దు వాలే వేళకు, మీ పిల్లలను మీ ఊరి పాత రాయి దగ్గరికి తీసుకుపొండి. దానిని తాకకుండ, తోమకుండ చూడనివ్వండి. అది ఏ చెరువు వైపు, ఏ దారి వైపు చూస్తున్నదో, చుట్టూ ఏమేమి ఉన్నదో ఒక కాగితం మీద వ్రాయించండి. ఊరిలో ఎనభై దాటిన అవ్వనో తాతనో అడిగి, ఆ రాయిని గురించి వారు విన్నమాట కూడ దాని కిందనే వ్రాయించండి. ఆ కాగితాన్ని బడిలో ఒకటి, గుడి రికార్డులో ఒకటి దాచండి. రేపు రోడ్డు పనివారు వచ్చినప్పుడు చూపించడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.